బలపడేది ఎముకా, కాలి నిలకడా?

సంపాదకుడు గారికి నమస్కారం.

కిందటి నెల మీ మహిళల పేజీలో తాయ్ చీ అనే నెమ్మది కదలికల చైనా వ్యాయామం చేస్తే ముట్లుడిగిన స్త్రీల ఎముకలు ఉక్కులా మారతాయంటూ వచ్చిన వార్తపై ఎవరైనా వైద్యులు స్పందిస్తారని ఎదురుచూశాను. ఎవరూ కలం కదపకపోవడంతో, డిగ్రీ విద్యార్థులకు గణాంక శాస్త్రం చెప్పి రిటైరైన నేనే రాయవలసి వస్తోంది. ‘అధ్యయనాల్లో తేలింది’ అని రాశారు. ఏ అధ్యయనంలో, ఏ దేశంలో, ఎంతమంది మీద, ఎన్ని నెలలు చూస్తే తేలింది? అర పేజీ వార్తలో ఈ నాలుగు ముక్కలకు చోటు చాలలేదు గాని, మంచుకొండ ముందు తెల్లని పట్టుబట్టల్లో చేతులు చాచిన పాతికేళ్ల యువతి ఫొటోకు కావలసినంత చోటు దొరికింది. ముట్లుడిగిన స్త్రీల గురించిన వార్తకు ఆ వయసు స్త్రీ ముఖం పనికిరాదు కాబోలు.

తాయ్ చీని చులకన చేయడం నా ఉద్దేశం కాదు. ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ తగ్గిపోయి, మొదటి కొన్నేళ్లు ఎముక సాంద్రత ఏటా ఒకటి రెండు శాతం చొప్పున కరుగుతుంది. అందుకు హార్మోన్ మాత్రలు విరివిగా రాస్తున్న కాలంలోనే, 2002లో, అమెరికాలో 16,608 మంది స్త్రీలపై జరుగుతున్న పెద్ద ప్రయోగాన్ని రొమ్ము క్యాన్సర్, గుండెజబ్బుల ముప్పు పెరుగుతున్నదని మధ్యలో ఆపేశారు. మందులు లేని మార్గాలను వెతకడం సబబే. 2004లో వెలువడిన హాంకాంగ్ అధ్యయనంలో, ముట్లుడిగి పదేళ్లు దాటని 132 మంది స్త్రీలను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టు చేత వారానికి ఐదు రోజులు, రోజుకు ముప్పావు గంట చొప్పున ఏడాది పాటు తాయ్ చీ చేయించారు. ఏడాది గడిచాక చూస్తే ఎముక రెండు జట్లలోనూ తగ్గింది. సాధన చేసినవారిలో ఆ తగ్గుదల నెమ్మదించింది. అదీ ముఖ్యంగా చీలమండకు కాస్త పైన, కాలి ఎముకలో. ఎముక విరిగినవారు మొత్తం నలుగురు, వారిలో ముగ్గురు సాధన చేయని జట్టువారు. నాలుగు సంఖ్యతో ఏ తీర్పూ చెప్పలేమని నా మొదటి ఏడాది విద్యార్థులకే తెలుసు. తగ్గుదల నెమ్మదించడాన్ని ఉక్కుగా మార్చిన రసవిద్య మాత్రం పూర్తిగా మీ డెస్కుదే.

ఇక 2012 నాటి బోస్టన్ అధ్యయనం. ఎముకలు పలచబడుతున్న 86 మంది స్త్రీలను తొమ్మిది నెలలు చూశారు. అందరినీ లెక్కలోకి తీసుకుంటే రెండు జట్ల ఎముక సాంద్రతలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. నిర్ణయించిన మేరకు సాధన చేసినవారిని వేరుచేసి చూస్తే తుంటి ఎముక మెడభాగంలో కాస్త మేలు కనిపించింది. అయితే మానకుండా సాధన చేసినవారు తిండి, నిద్ర, మాత్రల విషయంలోనూ మొదటినుంచీ శ్రద్ధ గలవారు కావచ్చు గదా! కీళ్లు అరిగిన స్త్రీలపై కొరియాలో జరిగి, 2003లో వెలువడిన పరిశీలనలో 72 మందితో మొదలై పన్నెండు వారాలు తిరిగేసరికి 43 మంది మిగిలారు. మానేసినవారు ఎందుకు మానేశారో తెలియకుండా మిగిలినవారి ఫలితాన్ని అందరికీ అంటగట్టలేము. పైగా ఎముక సాంద్రతను చూసే డెక్సా స్కాన్ కొలతలోనే ఒకటి రెండు శాతం తేడా రావడం మామూలు. ఏడాదిలో కరిగే ఎముక కూడా దాదాపు అంతే. అటువంటప్పుడు కొద్దిమందిని కొద్ది నెలలు చూసి ఎముక గురించి గట్టిగా ఏం చెప్పగలం?

గట్టిగా చెప్పదగినది వేరే ఉంది, దాన్నే మీ వార్త వదిలేసింది. 1996లో అట్లాంటాలో డెబ్బై దాటిన 200 మందిపై జరిగిన అధ్యయనంలో, పదిహేను వారాల తాయ్ చీ తరువాత మాటిమాటికీ పడిపోయే ముప్పు సుమారు సగానికి తగ్గింది. 2005లో ఆరెగాన్‌లో 256 మందిపై, ఆరు నెలల సాధనతో, అదే దిశలో ఫలితం వచ్చింది. వాటిలో మగవారూ ఉన్నారు గాని, తుంటి విరిగి మంచాన పడేవారిలో ఎక్కువమంది స్త్రీలే కనుక ఆ ఫలితం మాకే ఎక్కువ అవసరం. బరువును ఒక కాలి మీదినుంచి మరో కాలి మీదికి నెమ్మదిగా మార్చే సాధన ఒంటికి నిలకడ నేర్పుతుంది. ఎముక ఎంత పలచబడినా, పడిపోకుండా ఉంటే విరిగే అవకాశం తక్కువ. ఇంత సూటి మాట మీ శీర్షికకు ఎక్కలేదు.

మన దగ్గర ఇటువంటి అధ్యయనం జరగవలసిన అవసరం హాంకాంగ్ కంటే ఎక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు మూడు శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అందుకు రెట్టింపు కంటే ఎక్కువ. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడగడం ఆనాడే జరిగిపోతుంది. ముప్పై అయిదేళ్లకు ఆ ఆపరేషన్ అయిన కూలి తల్లికి, యాభై నాలుగేళ్ల హాంకాంగ్ గృహిణికి ఒకటే లెక్క వర్తిస్తుందా? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 2005లోనే తక్కువ ఆదాయపు స్త్రీలు 289 మందిని పరీక్షించి, వారి ఎముక సాంద్రత ఎంత దిగువన ఉందో చెప్పారు. ఆ తరువాత ప్రభుత్వాలు చేసినదేమిటి? డెక్సా స్కాన్ రాయించుకున్న పేదరాలు నేటికీ ప్రైవేటు ల్యాబు మెట్లే ఎక్కుతోంది.

ఇక మన అధికారులకు తెలిసిన పరిశోధన చాపలు పరచి తలలు లెక్కపెట్టడమే. 2025 జూన్ 21న విశాఖ తీరాన మూడు లక్షల మందికి పైగా యోగాసనాలు వేశారని, అది గిన్నిస్ రికార్డని ఘనంగా ప్రకటించారు. వారిలో యాభై దాటిన స్త్రీలు ఎందరు, ఆ సాధనను ఏడాది పాటు కొనసాగించినవారు ఎందరు, వారిలో ఎందరు పడిపోయారు, ఎందరు పడలేదు అన్న లెక్క ఎవరి దగ్గరైనా ఉందా? వెయ్యి మందిని రెండు జట్లుగా విడదీసి రెండేళ్లు చూడడానికి అయ్యే ఖర్చు, ఆ ఒక్కరోజు వేదికలకు, ఫ్లెక్సీలకు అయిన ఖర్చును మించదని నా నమ్మకం. మా పట్టణ పార్కులో నడకదారి పలకలు లేచిపోయి ఏళ్లయింది. స్త్రీలు పడిపోకుండా చూసే పథకం అక్కడినుంచి మొదలుపెట్టినా నాకు అభ్యంతరం లేదు.

మీ వార్త చివరి వాక్యం ‘మందుల అవసరమే ఉండదు’ అని హామీ ఇచ్చింది. అది చదివి, వైద్యులు రాసిన ఎముకల మాత్రలు ఆపేయవచ్చా అని మా వీధిలో ఒకామె నన్ను అడిగింది. నేను పైన చెప్పిన అధ్యయనాల్లో ఏ ఒక్కటీ తాయ్ చీని మందుకు బదులుగా చూపలేదు. దయచేసి ఆ ఒక్క వాక్యానికైనా సవరణ వేయండి. వేసేటప్పుడు సంతాప ప్రకటనల పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో కాకుండా, అదే మహిళల పేజీలో, ఆ శీర్షిక ఎంత ఉందో అంత అక్షరాల్లో వేయండి.

– విశ్రాంత గణాంక శాస్త్ర అధ్యాపకురాలు,
తూర్పు గోదావరి జిల్లా