పీసీటీ: మందు ఆపడానికే ఎక్కువ పనికొచ్చే పరీక్ష

సంపాదకులు గారికి,

మే నెల ఎండల్లో వడదెబ్బతో స్పృహ తప్పి బెజవాడలోనో గుంటూరులోనో ఐసీయూలో చేరిన మనిషికి ప్రొకాల్సిటోనిన్ (పీసీటీ) పరీక్ష, అంటే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ వస్తే రక్తంలో పెరిగే ఒక ప్రొటీన్‌ను కొలిచే పరీక్ష చేస్తే, ఒంట్లో బ్యాక్టీరియా లేకున్నా అంకె బాగా ఎక్కువగా రావచ్చు. కాలిన గాయాలు, పెద్ద ఆపరేషన్, యాక్సిడెంటు దెబ్బలు, తీవ్రమైన మలేరియా కూడా దాన్ని పెంచుతాయి. ఆ ఒక్క కాగితం చూసి ‘రక్తంలో విషం పాకింది’ అని బంధువులు హడలిపోతున్నారు.

ఆరోగ్యవంతుల్లో పీసీటీ మిల్లీలీటరుకు 0.05 నానోగ్రాముల లోపే ఉంటుంది. బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ వస్తే 3 నుంచి 6 గంటల్లో పెరగడం మొదలై 12 నుంచి 24 గంటల్లో గరిష్ఠానికి చేరుతుంది. ఇన్ఫెక్షన్ కోసం చేసే మరో రక్తపరీక్ష సీఆర్పీ గరిష్ఠానికి చేరడానికి దాదాపు రెండు రోజులు పడుతుంది. కాబట్టి జ్వరం వచ్చిన తొలి గంటల్లోనే రక్తం తీస్తే పీసీటీ తక్కువగా కనిపించి మోసం చేస్తుంది. చీము ఒకేచోట గూడు కట్టినప్పుడూ అంతే. అందుకే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలా వద్దా అన్నది పీసీటీతో తేల్చవద్దని సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌కు ఒళ్లు అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినే స్థితి) మీద వచ్చిన 2021 అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచించాయి. సెప్సిస్‌తో బీపీ బాగా పడిపోయి షాక్‌లో ఉన్న రోగికి గంటలోపే మందు పడాలి, రిపోర్టు కోసం ఆగకూడదు.

మందు ఎప్పుడు ఆపాలో తేల్చుకోవడానికి మాత్రం ఈ పరీక్ష బాగా అక్కరకొస్తుంది. ఇన్ఫెక్షన్ అదుపులోకొస్తే పీసీటీ రోజుకు దాదాపు సగం చొప్పున తగ్గుతుంది. రోగి కోలుకుంటూ, అంకె 0.5 లోపుకు వచ్చినా, గరిష్ఠం నుంచి 80 శాతం పడినా, అంటే 20 నుంచి 4కు దిగినా, ఆపడం గురించి ఆలోచించవచ్చు. కిడ్నీలు చెడినవారిలో 0.5కు దిగకపోవచ్చు, వారికి శాతమే చూడాలి. 2016లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనంలో ఇలా చూసి ఆపినవారికి మందు 5 రోజులు, మామూలు పద్ధతిలో 7 రోజులు పడింది. 28 రోజుల్లో మరణాలు మొదటివారిలో 20 శాతం, రెండోవారిలో 25 శాతం. త్వరగా ఆపినందుకు నష్టం జరగలేదు.

ఏ క్రిమి, దానికి ఏ మందు అన్నది చెప్పేది బ్లడ్ కల్చరే, అంటే రక్తాన్ని బాటిళ్లలో ఉంచి అందులోని క్రిములను పెంచి చూసే పరీక్షే. ఎక్కువ పొరపాట్లూ అక్కడే. మందు వేయకముందే రెండు వేర్వేరు చోట్ల నుంచి, చోటుకు రెండు బాటిళ్లు, బాటిల్‌కు 8 నుంచి 10 మిల్లీలీటర్లు తీయాలి. ‘అంత రక్తమా?’ అని ఇంటివాళ్లు అడ్డుపడతారు. పెద్దవాళ్లలో మిల్లీలీటరుకు ఒక్క క్రిమి కూడా లేని సందర్భాలు చాలా ఉంటాయి, 3 మిల్లీలీటర్లలో అది దొరక్కపోవచ్చు. క్లోర్‌హెక్సిడిన్ స్పిరిట్ పూసి చర్మం ఆరేదాకా ఆగాలి, ఆ చోటు మళ్లీ ముట్టుకోకూడదు. బాటిల్ రబ్బరు మూతనూ స్పిరిట్‌తో తుడవాలి. బాటిళ్లను ఫ్రిజ్‌లో పెట్టకూడదు.

పీసీటీ అంకెలు పోల్చాలంటే ఒకే రకం మెషిన్ మీద చేసినవై ఉండాలి. రిపోర్టు మీద రక్తం తీసిన సమయం, మెషిన్ పేరు రెండూ ముద్రించాలని విజయవాడ, గుంటూరు ల్యాబుల వారిని కోరుతున్నాం.

— ఐసీయూ, మైక్రోబయాలజీ వైద్యులు, గుంటూరు