శ్రీ ముఖలింగం గారి ఫోన్ నంబరు నా దగ్గర లేదు

విజయనగరం,
ఏప్రిల్ 23.

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: వంశధార ఒడ్డున మీ టూర్ల కంపెనీ పెట్టిన రెండు రోజుల నడక. అది జరగక, నలభై రోజులుగా మీ ఆఫీసు చుట్టూ నేను చేస్తున్న ప్రదక్షిణం.

అయ్యా,

ముందుగా, ఈ కవరు విప్పే పిల్లాడికో పిల్లకో ఒక మాట. నాయనా, దీన్ని ఇంకో ఫిర్యాదు టికెట్ చెయ్యకు. నా పేరు మీద ఇప్పటికే నాలుగు టికెట్లున్నాయి, నాలుగూ మూసేశారు. దీన్ని పైకి పంపించు. పైన ఎవరైనా ఉంటే చదువుతారు.

జరిగింది రెండు ముక్కల్లో చెప్తాను, ఎందుకంటే నా బాధ దాని గురించి కాదు. మార్చి 14, శనివారం. నేనూ మా ఆవిడా, నాతో పాటు రిటైరైన ఇద్దరు మాస్టార్లూ, వాళ్ళ ఇంటివాళ్ళూ, మొత్తం ఆరుగురం. 'మోకాళ్ళకి భయం లేని నడక' అని మీరే రాశారు. మొదటిరోజు పొద్దున్నే శాలిహుండం కొండ, అక్కణ్ణించి ఏటి ఒడ్డునే మెల్లగా కళింగపట్నం లైట్‌హౌసు. రెండోరోజు శ్రీముఖలింగంలో మూడు గుళ్ళు, సాయంత్రం వంశధార ఒడ్డు. ఐదున్నరకి రావాల్సిన వ్యాను తొమ్మిదింపావుకి వచ్చింది. గైడు రాలేదు. పదకొండున్నరకి మమ్మల్ని కొండ కింద దింపి, సాయంత్రం మళ్ళీ ఇంటి దగ్గర దింపేశాడు డ్రైవరు. రెండోరోజు వ్యాను కూడా రాలేదు. అంతే.

గైడుకి జ్వరం వచ్చి ఉండొచ్చు. వ్యాను టైరు పేలి ఉండొచ్చు. ముప్పై మూడేళ్ళు బడిలో పనిచేసినవాణ్ణి, రాకపోవడానికి కారణాలు నాకు మీరు చెప్పక్కర్లేదు. ఆ రోజు ఎవరైనా ఫోన్ చేసి "మాస్టారూ, పొరపాటైంది" అని ఉంటే ఈ ఉత్తరం లేదు.

ఆ మాట కోసం నేనే మీకు ఫోన్ చేశాను. కొండ మెట్ల దగ్గర నిలబడి. "మీ కాల్ మాకు ఎంతో విలువైనది" అంది మిషను. తెలుగు కోసం రెండు నొక్కమంది, నొక్కాను. ఇరవై రెండు నిమిషాలు పిల్లనగ్రోవి వినిపించారు. ఆ తర్వాత ఒకాయన హిందీలో పలకరించాడు. రెండు నొక్కాను బాబూ అంటే, "తెలుగు ఏజెంట్ బిజీ" అని ఆ మూడు ముక్కలూ తెలుగులోనే చెప్పి పెట్టేశాడు.

మీ కరపత్రం మొదటి పేజీలో ఏముందో మీకు గుర్తుందో లేదో, నేను దాచుకున్నాను. 'గిడుగు వారు తిరిగిన నేలపై మీ అడుగులు' అని ఉంది. సంతోషం. ఆ గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో పుట్టింది శ్రీముఖలింగం దగ్గర, వంశధార ఒడ్డునున్న పర్వతాలపేటలో. శాలిహుండం కొండమీద బౌద్ధుల ఆనవాళ్ళున్నాయని 1919లో లోకానికి చూపించింది ఆయనే. ముఖలింగం గుడి గోడల మీది శాసనాలు గురువు లేకుండా సొంతంగా చదవడం నేర్చుకున్నాడు. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని జీవితమంతా పోట్లాడాడు. సవర గిరిజనులతో మాట్లాడ్డానికి సవర భాషే నేర్చుకున్నాడు. ఆయన పేరు మీద టికెట్లమ్మే మీరు మాత్రం తెలుగువాడితో మాట్లాడ్డానికి ఒక తెలుగు మనిషిని పెట్టలేకపోయారు.

ఆ రోజు మాకు గైడు దొరకలేదని కాదులెండి. కొండ దగ్గర కాపలా ఉండే పెద్దాయన మమ్మల్ని చూసి, "ఏటి మాస్టారూ, ఈ ఎండలో కొండెక్కుతారేటి? కూకోండి, ముందు నీళ్ళు తాగండి" అన్నాడు. కుండలోంచి చెంబుతో తీసి ఆరుగురికీ పోశాడు. ఎండ కాస్త తగ్గాక దగ్గరుండి ఎక్కించాడు. ఇటుకలతో చక్రం ఆకుల్లాగా కట్టిన స్తూపం పునాది చూపించాడు, కింద మ్యూజియంలో తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు చూడకుండా వెళ్ళొద్దన్నాడు. పైనుంచి చూస్తే వంశధార ఇసక మేటల మధ్య మెలికలు తిరుగుతూ సముద్రంలోకి పోతోంది. మా ఆవిడ కాసేపు అక్కణ్ణించి కదల్లేదు. ఈ ఊరిని పూర్వం శాలివాటిక అనేవారట, అంటే ధాన్యం కొట్టు. శల్యపేటిక, అంటే ఎముకల పెట్టె అని కూడా అనేవారట. ఆ మధ్యాహ్నం మా ఆరుగురి మోకాళ్ళకీ రెండో పేరే సరిపోయింది. పెద్దాయన చేతిలో ఏదో పెట్టబోతే తీసుకోలేదు. మీ దగ్గర అతనికి ఉద్యోగం ఇమ్మని సిఫార్సు చేద్దామనుకున్నాను గాని, అతనికి అంత అన్యాయం చెయ్యబుద్ధి కాలేదు.

సోమవారం మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి తెలుగమ్మాయి. మెత్తగా మాట్లాడింది. వివరాలన్నీ రాసుకుంటానంది. ఆ సంభాషణ మా ఆవిడ స్పీకర్‌లో విన్నది కాబట్టి నేను కల్పించానని మీరనడానికి లేదు.

"సార్, రెండోరోజు మీకు ఏ సమస్య వచ్చింది?"

"శ్రీముఖలింగం చూపించలేదమ్మా."

"ఓకే సార్. శ్రీ ముఖలింగం గారు మీ గైడా సార్?"

"కాదమ్మా, దేవుడు."

"సార్, ఆయన ఫోన్ నంబరు ఉంటే చెప్పండి, మేం ఆయనతో మాట్లాడి యాక్షన్ తీసుకుంటాం."

నేను నవ్వలేదు. నవ్వితే బాగుండేది. శ్రీముఖలింగం ఊరమ్మా, జలుమూరు మండలం, ఒకప్పుడు తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం, ఇప్పచెట్టు మొదలే లింగమై వెలిసిందని చెప్తారు, ఇప్పకి సంస్కృతంలో మధూకం అని పేరు, అందుకే మధుకేశ్వరుడు, భీమేశ్వరుడూ సోమేశ్వరుడూ ఆ ఊళ్ళోనే ఉన్నారు అని అన్నీ చెప్పాను. పాపం శ్రద్ధగా విన్నది. సాయంత్రానికి మెసేజి వచ్చింది: 'మీ గైడు శ్రీ ముఖలింగంపై మీ ఫిర్యాదు నమోదు చేయబడినది.'

అయ్యా, ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. వెయ్యేళ్ళ పైచిలుకుగా ఒకే చోట ఉన్నాడు. చెప్పిన వేళకి తలుపు తీస్తాడు. మీ సిబ్బందిలో అలాంటివాడు నాకింకా తగల్లేదు.

మూడోరోజుకి ఇంకో మెసేజి: 'మీ ఫిర్యాదు విజయవంతంగా పరిష్కరించబడినది మరియు మూసివేయబడినది.' ఎవరు పరిష్కరించారు? ఎలా? ఆ వాక్యంలో కర్త లేడు. కర్మ మాత్రం నాది. ఆ వెనకే ఇంకోటి: 'మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?' ఆ ఎండలో నాకు కనపడ్డ నక్షత్రాలు లెక్కపెట్టలేదు, క్షమించండి.

తర్వాత మీ ఆప్‌లో ఉన్న చాట్ యంత్రం దగ్గరికి వెళ్ళాను. 'మీ ఆందోళనను మేము అభినందిస్తున్నాము' అంది. తొమ్మిదో తరగతి కుర్రాడు ఇలా రాస్తే ఎర్రసిరాతో సున్నా చుట్టేవాణ్ణి. ఒకరు ఆందోళన పడుతుంటే మీరు అభినందించడమేమిటి? మనిషితో మాట్లాడాలి అని టైపు చేశాను. 'తప్పకుండా! ఈ కింది వాటిలో ఒకటి ఎంచుకోండి' అంది. కింద ఏమీ లేదు.

సూపర్‌వైజరు నలభై ఎనిమిది గంటల్లో ఫోన్ చేస్తారన్నారు. ఏ నలభై ఎనిమిదో చెప్పలేదు. నేను రెండ్రోజులు స్నానానికి వెళ్ళేటప్పుడు కూడా ఫోను మా ఆవిడ చేతికిచ్చి వెళ్ళాను. ఏడోరోజు నేనే చేస్తే, ఇంకొకాయన గొంతు సవరించుకుని, "మీ నడక పూర్తయినట్టు సిస్టమ్‌లో ఉంది సార్" అన్నాడు. ఇంటి దగ్గర దింపేటప్పుడు డ్రైవరు ఆప్‌లో ఏదో నొక్కాడట, పచ్చ టిక్కు పడిందట. "నేను నడవలేదు బాబూ, నా కాళ్ళు నా దగ్గరే ఉన్నాయి, వాటికి తెలుసు" అన్నాను. "సిస్టమ్‌లో అలా లేదు సార్" అన్నాడు.

ఉగాది వెళ్ళాక విశాఖపట్నం మీ ఆఫీసుకి బస్సులో వెళ్ళాను. కౌంటర్లో కుర్రాడు ఫోన్‌లో క్రికెట్ చూస్తున్నాడు. నా కాగితాలు తీసుకుని, తిరగేసి, మళ్ళీ నా చేతికే ఇచ్చి, "ఇది ఆన్‌లైన్ బుకింగండి, మాకు సంబంధం లేదు" అన్నాడు. అతని తల వెనక గోడ మీద ఈ నడక పోస్టరే ఉంది, వంశధార బొమ్మతో. మేనేజరు గారేరీ అంటే భోజనానికి వెళ్ళారన్నాడు. అప్పుడు టైము నాలుగున్నర.

చివరికి మీనుంచి ఒక బహుమతి వచ్చింది. ఐదొందల రూపాయల కూపను. గోవా ప్యాకేజీకి, నెలాఖరులోపు, కనీసం నలుగురు వెళ్తే. నేను అడిగింది జలుమూరు మండలం.

మేం మీకు కొత్తవాళ్ళం కాదు. ఆరేళ్ళుగా మీతోనే తిరిగాం. రామతీర్థం కొండలు మీతోనే ఎక్కాం, శంకరం దగ్గర బొజ్జన్నకొండ మీతోనే చూశాం, తొట్లకొండ మీదనుంచి సముద్రం చూపించింది కూడా మీ పాత గైడే. ఆ అబ్బాయి బంగారం, అతన్ని ఎందుకు మానిపించారో! మా కాలనీలో పదకొండు కుటుంబాలని మీ దగ్గరికి పంపించింది నేను. ఇప్పుడు సాయంత్రం రోడ్డు మీద ఎదురైతే, "ఏం మాస్టారూ, ముఖలింగం గారు ఫోన్ చేశారా?" అని అడుగుతున్నారు.

నాకేం కావాలో చెప్పలేదు కదూ. మనిషికి 2,450 చొప్పున ఆరుగురికి 14,700. అది ఇస్తారా సరే. ఇవ్వరా, దానికీ దారి ఉంది. నేను తెలుగు మాస్టార్నే గాని చదువురానివాణ్ణి కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే కమిషన్‌లో కేసు వేసుకోవచ్చు, మీ హెడ్డాఫీసు ఎక్కడుందో వెతుక్కుంటూ తిరగక్కర్లేదు. ఐదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. 1915 నంబరుకి ఫోన్ చేస్తే ఎలా వెయ్యాలో చెప్తారు. రెండేళ్ళ గడువుంది, రిటైరైనవాడికి అంతకంటే ఏం కావాలి? అదీ కాకపోతే మేం ఆరుగురం గొడుగులూ క్యారేజీలూ పట్టుకుని మీ విశాఖ ఆఫీసు మెట్ల మీద కూర్చుంటాం. వచ్చేపోయేవాళ్ళకి ఆ పోస్టరు చూపించి, శాలిహుండం చరిత్ర మొదట్నుంచీ చెప్తాను. నాకు గొంతు ఉంది, మైకు అక్కర్లేదు.

అసలు డబ్బు కంటే ముందు ఒక మనిషి ఫోన్ చెయ్యాలి. మిషను కాదు, చాట్ కాదు, తెలుగొచ్చిన మనిషి. శ్రీముఖలింగం ఎక్కడుందో మ్యాపులో చూసుకుని మరీ చెయ్యాలి. ఎందుకిలా అయిందో చెప్పి, మమ్మల్ని మళ్ళీ తీసుకెళ్ళాలి, ఈసారి చలికాలంలో. శివరాత్రి చక్రతీర్థ స్నానం రోజు మాత్రం వద్దు, ఆ జనంలో మా ఆవిడ నడవలేదు.

ఇంకోటి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకూ ఫోన్ చెయ్యకండి, పడుకుంటాను.

ఇట్లు,
మీ సిస్టమ్‌లో నడక పూర్తి చేసిన
రిటైర్డ్ తెలుగు పండితుడు