18 ఏళ్లు దాటితే రంగులు అక్కర్లేదా?

సంపాదకుల వారికి నమస్కారం.

ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో 31 ఏళ్లు డ్రాయింగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. అప్పటి నుంచి వారానికి మూడు సాయంత్రాలు మా ఇంటి అరుగు మీద తొమ్మిది మంది దివ్యాంగులకు బొమ్మలు నేర్పుతున్నాను. అందరూ 18 దాటినవాళ్లే. బడి వయసులో ఉన్నన్నాళ్లు మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం పాఠశాల విద్యాశాఖ నడిపే భవిత కేంద్రానికి వెళ్లారు. ఆ తర్వాత మంచానికో, గుమ్మానికో పరిమితమయ్యారు.

వాళ్లలో పుట్టుకతోనే చూపు లేని అమ్మాయి ఉంది. వాళ్లమ్మ రోజూ తెల్లారకముందే వాకిట్లో ముగ్గు పెడుతుంది. తొక్కకమ్మా, పక్కనుంచి రా అని చిన్నప్పటి నుంచీ చెప్పారేగానీ, అదెలా ఉంటుందో ఆ పిల్లకు ఎవరూ చూపించలేదు. మేము అట్ట మీద చింతగింజలను చుక్కలుగా అంటించి, వాటి చుట్టూ ఊలుదారాన్ని మైదా జిగురుతో మెలికలు తిప్పాం. ఆరాక దారం వెంట వేలు నడిపించింది. బయల్దేరిన చోటికే వచ్చేసరికి టక్కున ఆగి, "ఎక్కడా తెగలేదు మాస్టారూ!" అంది. ఇప్పుడు చుక్కలు తనే లెక్కపెట్టుకుని కొత్త మెలికలు కడుతోంది. నేను సర్వీసులో ఉండగా ఇలాంటి పిల్లలు నా క్లాసులోనూ ఉండేవారు. 'నువ్వు కూర్చోమ్మా' అనేవాణ్ణి. దయ అనుకున్నాను, కానీ నేర్పడం ఎగ్గొట్టాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఇంకో అబ్బాయికి చెయ్యి వణుకుతుంది, కుంచె నిలవదు. పాత సైకిల్ ట్యూబు చుట్టి పిడి లావు చేశాం. మొన్న గంటన్నర కూర్చుని వాళ్ల నాన్న ఆటో బొమ్మ వేశాడు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో ఉచిత విద్య హక్కు 18 ఏళ్లతో ఆగుతుంది. కళలు, సంస్కృతి గురించి చెప్పే 29వ సెక్షన్‌కు మాత్రం వయసు అడ్డు లేదు. దివ్యాంగ కళాకారులకు సదుపాయాలు, ఆర్థిక చేయూత ఇవ్వాలని అందులో రాసి ఉంది. ఆచరణలో వీళ్లకు అందుతున్నది దివ్యాంగుల దినోత్సవమైన డిసెంబరు 3న ఒక పోటీ, ఒక బహుమతి. మర్నాటి నుంచి మళ్లీ అదే గుమ్మం.

మాకు కావలసింది గది. వానొస్తే అరుగు మీద క్లాసు జరగదు. చక్రాల కుర్చీని ఇద్దరు పట్టి మెట్లెక్కించాలి. మా భవిత కేంద్రానికి ర్యాంపు ఉంది, కానీ బడి వదిలాక తాళం పడుతుంది. ఒక కార్యాలయానికి మూడుసార్లు తిరిగాను. బడి వయసు దాటినవాళ్లకు ఇవ్వడం కుదరదన్నారు. పై నుంచి ఉత్తర్వు లేనిదే అక్కడివాళ్లు మాత్రం ఏం చేస్తారు? సాయంత్రం రెండు గంటలు ఆ గదులు వాడుకోనిస్తూ పాఠశాల విద్యాశాఖే ఉత్తర్వు ఇవ్వాలి. జీతం అడగకుండా వచ్చే విశ్రాంత డ్రాయింగు, క్రాఫ్టు, సంగీతం టీచర్లు నాకే నలుగురు తెలుసు. రంగులు మేమే తెచ్చుకుంటాం.

ధనుర్మాసం లోపు గది ఇప్పిస్తే నేల మీద ముగ్గు వేయడం మొదలుపెడతాం. ఆ అమ్మాయికి అట్ట మీద చోటు చాలడం లేదు.

– ఒక విశ్రాంత డ్రాయింగు మాస్టారు, తెనాలి