సైన్స్‌కి రోజూ పీరియడ్ అక్కర్లేదు

సంపాదకులకు నమస్కారం.

పిల్లల్ని ఇంట్లోనే చదివించే తల్లిదండ్రుల కోసం మీ పేపర్లో ఈమధ్య ఒక టైమ్‌టేబుల్ వేశారు. మిగతా వాటితో నాకు పేచీ లేదు గానీ, ఎనిమిదేళ్ల పిల్లకి కూడా సైన్స్ రోజూ ముప్పావు గంట అని రాశారు చూడండి, అది చదివి కొత్తగా హోమ్‌స్కూలింగ్ మొదలుపెట్టిన తెలిసినవాళ్లు టెన్షన్ పడుతూ నాకు ఫోన్లు చేస్తున్నారు.

అసలు బడుల్లోనే ఐదో తరగతి దాకా సైన్స్ అని విడిగా ఉండదు, పరిసరాల విజ్ఞానమే. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లోనూ ఆరు నుంచే వేరవుతుంది. మరి ఇంట్లో చదివే పిల్లకెందుకంత తొందర? లెక్కలు, చదవడం, రాయడం రోజూ చేయించాల్సిందే, వదిలేస్తే అలవాటు తప్పుతుంది. సైన్స్‌కి మాత్రం ఈ వయసులో వారానికి రెండు రోజులు చాలు, కాకపోతే ఆ రెండు రోజులూ గంటో గంటన్నరో మధ్యలో లేపకుండా కూర్చోనివ్వాలి. మిగతా రోజుల్లో ఐదు నిమిషాలు చూడటం, చూసింది నోట్‌బుక్‌లో రాయడమో బొమ్మ వేయడమో, అంతే.

ఎందుకంటే చూడాల్సినవేవీ మన పీరియడ్ ప్రకారం జరగవు. కరివేపాకు చెట్టు మీద సీతాకోకచిలుక గుడ్డు పెడితే అది గొంగళిపురుగై, ప్యూపాగా మారి, రెక్కలు విప్పేసరికి వారాలు పడుతుంది. మొదట్లో ఆ పురుగు అచ్చం పిట్ట రెట్టలా కనిపిస్తుంది, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. రోజూ ముప్పావు గంట చూడటానికి అక్కడేమీ ఉండదు, అలాగని నాలుగు రోజులు అటు వెళ్లకపోతే రంగు మారడం చూడనే చూడరు. చందమామ రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడని పుస్తకంలో చదివించడానికి నిమిషం పట్టదు, పిల్ల తనంతట తాను కనిపెట్టాలంటే మాత్రం పున్నమి తర్వాత వరసగా కొన్ని రాత్రులు డాబా ఎక్కాల్సిందే (నిద్ర సంగతి నన్నడగొద్దు). ఒకే పాలు మూడు గిన్నెల్లో తోడేసి ఒకటి బియ్యం డబ్బాలో, ఒకటి గట్టు మీద, ఒకటి ఫ్రిజ్‌లో పెడితే ఫలితం తెల్లారాక గానీ తెలియదు. చలికాలంలో తోడు ఎందుకు ఎక్కువ వేస్తావని మా చిన్నది వాళ్ల నానమ్మని అడిగితే, నేను చెప్పే పాఠం కంటే అదే బాగా నడిచింది.

వారానికి రెండు అనుకుంటే ఒకటవుతుంది, ఒకటి అనుకుంటే అదీ ఉండదు అనేవాళ్లున్నారు. నిజమే. అందుకే ఆ రెండు రోజులూ ముందే క్యాలెండర్ మీద రాసి పెట్టుకోవాలి, చుట్టాలొచ్చినా సరే.

పన్నెండు, పదమూడు దాటాక కథ వేరు. విద్యుత్తు, కాంతి, రసాయన సమీకరణాలు ఎప్పుడో ఒకసారి ముట్టుకుంటే రావు, లెక్కలు కట్టించాలి, వారానికి నాలుగు రోజులైనా కావాలి. బడికి వెళ్లకుండానే చదివి పరీక్ష రాసే జాతీయ ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతి రాయడానికి 14 ఏళ్లు నిండాలి. అక్కడ ఐదు సబ్జెక్టులు మనమే ఎంచుకోవచ్చు, సైన్స్ తప్పనిసరేం కాదు. కానీ ఇంటర్లో ఎంపీసీ, బైపీసీ ఆలోచన ఉంటే తీసుకోవాలి. అందులో ప్రాక్టికల్స్ కూడా ఉంటాయి కాబట్టి ఆఖరి రెండు నెలల్లో బట్టీ పట్టిద్దామంటే కుదరదు. మీ టైమ్‌టేబుల్‌లో ఎనిమిదేళ్లకీ పద్నాలుగేళ్లకీ ఒకే లెక్క వేశారు, నా అభ్యంతరమంతా అక్కడే.

ఇంకో మాట. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు, నిలబెట్టిన కర్రకి నీడ పడదు. తిరుపతి వైపు ఇది ఏప్రిల్ చివర్లోనే వచ్చేస్తుంది. మీరు ఆ ఫొటో మర్నాడు వేస్తున్నారు. వారం ముందే, ఏ ఊళ్లో ఏ తేదీన ఎన్ని గంటలకో ఒక చిన్న బాక్స్ కట్టి వేయండి. మేం కర్ర పట్టుకుని సిద్ధంగా ఉంటాం.

– ఒక పాఠకురాలు, హైదరాబాద్