శక్త్యాగారం సరే, దాని తలుపుల సంగతేంటి?

సంపాదకులకు,

మీ విద్య పేజీలో మైటోకాండ్రియా అంటే ‘కణ శక్త్యాగారం’ అని రాసి అక్కడితో వదిలేశారు. కావలిలో ఏళ్ల తరబడి ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పినవాణ్ని. తెలివైన పిల్లలు అడిగేది దాని తర్వాతి ప్రశ్న: లోపల తయారైన ఏటీపీ (కణం శక్తి కోసం వాడుకునే అణువు) బయటికెలా వస్తుంది? మైటోకాండ్రియా లోపలి పొర ప్రోటాన్లంత చిన్నవాటిని కూడా ఊరికే పోనివ్వదు కదా!

ఆ పని వాహకాలనే రవాణా ప్రోటీన్లది. మనిషిలో ఈ మైటోకాండ్రియా వాహకాల కుటుంబానివి 53 ఉన్నాయి. వాటిలో ఏడీపీ–ఏటీపీ వాహకం (ఏడీపీ అంటే శక్తి ఖర్చయిపోయిన ఏటీపీ) పొరలో స్ప్రింగులా చుట్టుకున్న ఆరు హెలిక్స్‌లుగా నిలబడి ఉంటుంది. మధ్యలో ఖాళీ. ఆ ఖాళీ ఒకసారి బయటికి, మరోసారి లోపలికి తెరుచుకుంటుందే తప్ప రెండువైపులా ఒకేసారి తెరుచుకోదు. ఖాళీ సిలిండర్ ఇస్తేనే నిండుది ఇచ్చే గ్యాస్ బండివాడి లెక్క దానిది: ఒక ఏడీపీ లోపలికి, ఒక ఏటీపీ బయటికి. ఆవు గుండె నుంచి తీసిన ఈ ప్రోటీన్ ఆకృతి 2003లో తెలిసింది.

కాలేయంలోని సిట్రిన్ కూడా ఇలాంటిదే, అమైనో ఆమ్లమైన ఆస్పార్టేట్‌ను బయటికి పంపుతుంది. పుట్టుకతో అది లోపించినవాళ్లలో చాలామంది అన్నం, మిఠాయిలు వద్దని వేరుశనక్కాయలు, గుడ్ల మీద పడతారు. వాళ్లకు గ్లూకోజ్ ఎక్కువగా ఎక్కిస్తే రక్తంలో అమ్మోనియా పెరిగే ప్రమాదముంది. జబ్బు అరుదే. మారాం చేసే ప్రతి పిల్లాణ్నీ చూసి టెన్షన్ పడక్కర్లేదు.

ఈసారి బొమ్మ వేసినప్పుడు లోపలి పొరను ఉత్త గీతగా కాకుండా ఈ వాహకాలతో సహా వేయించండి.

– విశ్రాంత అధ్యాపకుడు, కావలి, నెల్లూరు జిల్లా