మంత్రి గారూ, మా అమ్మ పుస్తకాలు ఎటు పోయాయి?

గౌరవనీయులైన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి,

విజయవాడ సత్యనారాయణపురం నుంచి నమస్కారాలతో రాస్తున్నాను. ఇది నాలుగో ఉత్తరం. ముందు మూడూ ఏ బీరువాలో ఉన్నాయో తెలీదు కాబట్టి దీన్ని నలుగురి ముందూ పెడుతున్నాను.

మా అమ్మకి డెబ్భై ఆరేళ్లు. గ్లకోమాతో చూపు మందగించి అచ్చు అక్షరం ఆనట్లేదు. ట్యాబ్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుకునేది. నాలుగేళ్లలో డెబ్భై మూడు తెలుగు పుస్తకాలు కొనిపెట్టాను. పోయిన శ్రావణంలో అవి కొన్న ఆన్‌లైన్ దుకాణం మూసేశారు. ముందుగా చెప్పామంటారు, నిజమే, ఆ మెయిల్ స్పామ్‌లో పడి ఉంది. అమ్మ కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ట్యాబ్ తెరిస్తే అట్టలన్నీ బూడిద రంగులో కనిపించాయి, నొక్కితే తెరుచుకోవు. చదువుతున్న నవల 61 శాతం దగ్గర ఆగిపోయింది. "నొక్కకూడనిదేమన్నా నొక్కానట్రా?" అని ఇప్పటికీ అడుగుతోంది. ఏం చెప్పమంటారు?

వినియోగదారుల ఫిర్యాదుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. పది రోజులకి మెసేజ్ వచ్చింది: మీ ఫిర్యాదు పరిష్కారమైంది. ఏం పరిష్కారమయ్యా అంటే, మీరు కొన్నది పుస్తకం కాదు, లైసెన్సు అట, అంటే చదువుకోవడానికి అనుమతి మాత్రమే. మరి బటన్ మీద "కొనండి" అని ఎందుకుంది సార్? "అద్దెకి, మా ఇష్టమున్నన్నాళ్లు" అని రాసుకోవచ్చుగా! కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి, ఇది లైసెన్సు మాత్రమేనని తేటగా చెప్పకుండా "కొనండి" అన్న మాట వాడకూడదని చట్టమే ఉంది. మైక్రోసాఫ్ట్ 2019లో ఈ-బుక్కుల దుకాణం ఎత్తేసినప్పుడు కొన్నవాళ్ల డబ్బు వెనక్కిచ్చింది. మాకు డబ్బూ లేదు, పుస్తకమూ లేదు.

పన్ను సంగతి మీకు తెలియంది కాదు. అచ్చు పుస్తకానికి జీఎస్టీ సున్నా. ఈ-బుక్కుకి 2018లో దయతలచి 18 నుంచి 5కి దించారు, అదీ అచ్చు ప్రతి ఉంటేనే. అంటే పన్ను దగ్గరా అది పూర్తిగా పుస్తకం కాదు, హక్కు దగ్గర అసలే కాదు. డబ్బు తీసుకునేటప్పుడు మాత్రం పుస్తకమే.

మీ 2019 వినియోగదారుల రక్షణ చట్టం, ఆన్‌లైన్ అమ్మకాలపై 2020 ఈ-కామర్స్ నిబంధనలు నేనూ చదివాను. వాటిలో మా అమ్మకి చోటెక్కడో చూపించండి. దుకాణం మూసేవాడు, దుకాణం లేకున్నా తెరుచుకునే తాళం లేని ఫైళ్లన్నా ఇవ్వాలి, డబ్బన్నా ఇవ్వాలి. ఆ ఒక్క ముక్క రాయించండి చాలు. రాయించండి సార్.

ఆ నవల కోసం లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లన్నీ తిరిగాను. యాభై రూపాయలకి దొరికింది. లోపల ఎవరిదో పేరు, పెళ్లి కానుక అని రాసి ఉంది. ఎన్ని చేతులు మారిందో, ఇప్పుడు మాది. అమ్మకి ఆ అక్షరాలు ఆనవు, రాత్రిళ్లు నేనే చదివి వినిపిస్తున్నాను.

జవాబంటూ రాయిస్తే కాస్త పెద్ద అక్షరాల్లో రాయించండి. ఆవిడే చదువుకుంటుంది.

ఇట్లు,
డెబ్భై మూడు పుస్తకాలు కొన్నాననుకున్న ఒక విజయవాడ వాసి