పెద్దరికం అని మెచ్చుకుని వదిలేస్తున్నాం

సంపాదకుడు గారికి,

నమస్కారం. మొన్న ఆదివారం ఇంటిల్లిపాదీ టీవీలో ఒక కుటుంబ కథా సినిమా చూశాం. తండ్రి మంచాన పడితే పదిహేనేళ్ల కొడుకు చదువు మానేసి సంసారం నెత్తికెత్తుకుంటాడు. చెల్లెలి ఫీజు కడతాడు, అప్పులవాళ్లకు సమాధానం చెప్పుకుంటాడు, మొదటి కూలి డబ్బులు తెచ్చి తల్లి చేతిలో పెడతాడు. మా ఇంట్లో అందరి కళ్లూ చెమర్చాయి. ‘పిల్లలంటే ఇట్లుండాల’ అన్నారు మా ఆయన. నాకు మాత్రం ఆ పిల్లాడు మళ్లీ బడికి పోయాడా అన్న దిగులే మిగిలింది. సినిమాలో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఇరవై రెండేళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు ‘సుగ్గికి పోయినారు’ అంటే కూలికి వలస పోయారని ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. వానలు మొహం చాటేసి, పండిన కాస్తా అప్పుకే చాలక, పత్తి తీయడానికి కొందరు, మిరప కోతకు గుంటూరు వైపు ఇంకొందరు మూటాముల్లె సర్దుకుని పోతారు. ఊళ్లో ముసలివాళ్లు, పిల్లలు మిగులుతారు. ఆ పిల్లల్లో పెద్దది ఆడపిల్లయితే ఇక ఇల్లంతా ఆమె మీదే.

తొమ్మిదో తరగతిలో నా దగ్గర అలాంటి పిల్ల ఒకతె ఉండేది. ఇంటి తాళంచెవి నల్లదారానికి కట్టి మెడలో వేసుకుని వచ్చేది. తెల్లారకముందే కొళాయి దగ్గర బిందెలు వరుసలో పెట్టి, జొన్నరొట్టెలు కాల్చి, తమ్ముణ్ని బడికి తయారుచేసి, నాలుగేళ్ల చెల్లెల్ని చంకనేసుకుని మొదటి పీరియడ్ సగంలో తలుపు దగ్గర నిలబడేది. పెనం తగిలి రెండు వేళ్ల కొనలు నల్లబడి ఉండేవి. ‘మీ అమ్మ ఎప్పుడొస్తుంది?’ అంటే ‘ఉగాదికొస్తాది మేడమ్’ అనేది. చెల్లెలు నిద్రపోయినంతసేపే ఆమెకు పాఠం. ఆ ఏడాది వార్షికోత్సవంలో ఆమెను స్టేజీ మీదికి పిలిచి, ‘ఇంటికి పెద్దకొడుకు లాంటి పిల్ల’ అని మైకులో మెచ్చుకున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. పదో తరగతికి ఆమె రాలేదు. మైకు పట్టుకునే బదులు ఆ రోజే మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసుకు పోయుండాల్సిందని ఇప్పటికీ బాధపడతాను.

విద్యాహక్కు చట్టం 14 ఏళ్లతో ఆగిపోతుంది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం 14 నుంచి 18 ఏళ్లవాళ్లను ప్రమాదకరమైన పనుల్లోనే వద్దంటుంది. ఇంట్లో పొద్దుగూకులూ చేసే చాకిరీ ఏ లెక్కలోకీ రాదు. పిల్లల్ని చదివించే తల్లులకు ప్రభుత్వం ఇచ్చే ‘తల్లికి వందనం’ డబ్బులకు 75 శాతం హాజరు ఉండాలన్నారు. చెల్లెల్ని చూసుకోవడానికి బడి మానే పిల్లకే ఆ డబ్బు అందకుండా పోతుంది. ఏ ఇంటికి సాయం ఎక్కువ అవసరమో ఆ ఇల్లే తప్పిపోతోంది, ఇదేం న్యాయం? ఒంటరి తల్లుల పిల్లలకు మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద నెలకు 4 వేల రూపాయలు ఇచ్చే ఏర్పాటుంది. మా ఊళ్లలో ఆ పేరు విన్న తల్లి నాకు ఇంతవరకు కనబడలేదు. గ్రామ సచివాలయం వాళ్లు ఇల్లిల్లూ తిరిగి చెప్పాలి.

వలస వెళ్లిన వాళ్ల పిల్లల కోసం బళ్లలోనే సీజనల్ హాస్టళ్లు పెడతారు. మంచి ఏర్పాటే. కానీ నేను పనిచేసిన చోట ఒక ఏడాది జనం దీపావళి కాగానే వెళ్లిపోతే, హాస్టల్ సంక్రాంతి తర్వాత తెరుచుకుంది. ఆ రెండు నెలల్లోనే పిల్లలు బడి మరిచిపోయారు. తెరిచాక కూడా బడి ఈడు పిల్లల్నే చేర్చుకున్నారు. మూడేళ్లు, నాలుగేళ్ల చిన్నవాళ్లను ఎక్కడ వదలాలి? వాళ్లకోసమే పెద్దపిల్ల ఇంట్లో ఉండిపోయేది. హాస్టల్ ఉన్న చోట అంగన్‌వాడీని సాయంత్రం దాకా నడిపి, చిన్నవాళ్లకు అన్నం పెట్టి చూసుకునే ఆయమ్మను ఒకర్ని అదనంగా ఇస్తే పెద్దపిల్ల నిశ్చింతగా తరగతిలో కూర్చుంటుంది.

ఈసారి ఏ ఇల్లు సుగ్గికి పోతుందో సెప్టెంబరులోనే తరగతిలో పిల్లల్ని అడిగితే చెప్పేస్తారు. దసరా సెలవులివ్వకముందే కలెక్టరు గారు ఆ పేర్లు ప్రతి బడి నుంచి తెప్పించుకోవాలనీ, మొదటి లారీ కదిలే రోజుకు హాస్టల్లో పొయ్యి వెలిగించాలనీ మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయురాలు,
ఆదోని, కర్నూలు జిల్లా